ఎర్రబిళ్ళ మీద పసుపు

మా చిన్నప్పుడు... దసరా రోజు పొద్దున్నే సైకిళ్ళన్నీ కాలవ గట్టుకి చేరేవి. మాది పెదపాడు దగ్గర ఊరు. మా ఇంట్లో నాన్నగారి సైకిలొకటి, అక్క సైకిలొకటి... రెండూ కడిగే పని నాదే.

అక్క సైకిలంటే నాకు తెగ ముచ్చట. ముందు డైనమో లైటు, వెనక మడ్‌గార్డు మీద గుండ్రంగా, వెలుగు పడితే మెరిసే ఎర్రబిళ్ళ. పాత చీర పేలికతో ఆ బిళ్ళని తుడిచి ఎండకి తిప్పితే తళుక్కుమనేది.

అంతలో అమ్మ పసుపు, గంధం గిన్నెలతో వచ్చేది. హ్యాండిలుకి బొట్టు, సీటుకి బొట్టు, చక్రాలకి బొట్టు... చివరికి ఎర్రబిళ్ళ. గుండ్రంగా ఉంది కదా, బొట్టుకి అంతకంటే మంచి చోటేముందని దానినిండా గంధం మెత్తి, పసుపు రాసి, నడిమధ్యన కుంకుమ పెట్టేసేది. మా ఇంట్లోనే కాదు, ఊళ్ళో అన్ని సైకిళ్ళకీ అదే అలంకారం!

ఒక ఏడాది అక్క అడిగింది. "అమ్మా, అది మెరవడానికి కదా పెట్టారు... తుడిచేస్తాను."

"అపచారం! పూజ చేసిన బొట్టు తుడవకూడదమ్మా. దానంతటదే పోతుందిలే" అంది అమ్మ.

దానంతటదే పోలేదండీ. గంధం ఎండి పెచ్చు కట్టింది. కార్తీకం వెళ్ళింది, ధనుర్మాసం వచ్చింది... బొట్టు బొట్టులాగే ఉంది.

అక్కకి అప్పుడు ఏలూరులో ఇంటరు. తెల్లారేసరికి లెక్కల ట్యూషన్‌లో ఉండాలి. మా ఊళ్ళో సైకిలెక్కి ఏలూరు వెళ్ళి చదువుకున్న మొదటి ఆడపిల్ల అక్కే. ఇంజినీరవుతానని ఎంత ఆశ పడిందో నాకు తెలుసు... స్వెట్టరేసుకుని, జడ మడిచి కట్టుకుని, డైనమో బర్రుమనిపిస్తూ వెళ్ళేది.

ఆ ధనుర్మాసంలోనే ఒకరోజు మంచు బాగా దిగింది. రెండు పక్కలా చేపల చెరువులు, మధ్యన సన్నటి రోడ్డు. వెనక నుంచి వచ్చిన చేపల వ్యాను అక్కని గుద్దేసింది. ముందు లైటు వెలుగుతూనే ఉందట... వెనకొచ్చేవాడికి అది కనిపిస్తుందా?

డ్రైవరు పారిపోలేదు పాపం. అక్కని తనే ఆస్పత్రిలో చేర్చి, ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. "మంచులో ఏమీ కనపళ్ళేదండీ బాబూ... వెనక ఎర్రబిళ్ళ ఒక్కటి మెరిసుంటే బ్రేకేసేవాణ్ణండీ" అని ఏడ్చాడు.

అందరూ విన్నారు. నాన్నగారు విన్నారు, అమ్మ వింది. వాకిట్లో వంకర తిరిగిన సైకిలు. దాని వెనక నిక్షేపంగా బొట్టు!

మరి ఏమన్నారో తెలుసా? "ఆడపిల్లకి సైకిలెందుకని అప్పుడే చెప్పాం కదండీ... మీరు వింటేనా?" అని చుట్టాలు. "నిజమేనండీ" అని నాన్నగారు. అంతే... ట్యూషన్ మానిపించారు, కాలేజీ మానిపించారు. అక్క కాలు కురచైపోయింది. తర్వాత తాడేపల్లిగూడెంలో కిరాణా కొట్టున్న వాళ్ళింటికి కోడలిగా పంపేశారు. తప్పంతా అక్కదీ, సైకిలుదీ. బొట్టు ఊసు ఒక్కరంటే ఒక్కరు ఎత్తలేదు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఇప్పటికీ మండుతుంది.

అక్క పెళ్ళికి ముందే, మరుసటి దసరాకి ఆ సైకిలు బాగై నా చేతికొచ్చింది. కొత్త ఎర్రబిళ్ళ వేయించారు. అమ్మ మళ్ళీ గంధం గిన్నె పట్టుకొచ్చింది... మళ్ళీ అక్కడే మెత్తింది! మంచం మీద కూర్చుని చూస్తున్న అక్క గోడవైపు తిరిగిపోయింది. నేను వీధి మలుపు తిరిగాక గోటితో గీకేశాను.

ఇప్పుడు మేముండేది ఏలూరులో. ఈ ఏడాది మా అమ్మాయి వట్లూరు కాలేజీలో చేరింది, సైకిలు కావాలంది. కొన్నాను. లైట్లకని కొట్టుకెళ్తే కొట్టాయన చక్రాల్లో తిరిగే రంగుల దీపాలు చూపించాడు.

"అవి వద్దండీ. వెనక కట్టే ఎర్రలైటు ఇవ్వండి. మంచులో కూడా దూరానికి కనపడాలి."

"వెనకది ఎవరూ అడగరండీ" అన్నాడాయన నవ్వుతూ. ఎందుకడుగుతారు లెండి!

కాలేజీ బ్యాగు అడ్డం రాకుండా ఆ లైటు సీటు కింద కట్టించాను. ముందుకో తెల్లలైటు, తలకి హెల్మెట్టు, చీకట్లో మెరిసే పట్టీలున్న కోటు కూడా కొన్నాను. "ఏవండీ, పిల్లని సర్కస్‌కి పంపుతున్నారా?" అని పక్కింటివాళ్ళు వేళాకోళం. నవ్వుకోనివ్వండి.

మొన్న దసరాకి అక్క వచ్చింది. అమ్మ నా దగ్గరే ఉంటోంది... చూపు సరిగా ఆనదు, అయినా గంధం గిన్నె వదల్లేదు. మనవరాలి సైకిలంతా తడుముకుంటూ బొట్లు పెట్టుకొచ్చి, చివరికి ఆ ఎర్రలైటు నిండా మెత్తేసింది.

"మామ్మా, లైటు!" అంది మా అమ్మాయి. నేను నోరు తెరిచేలోపే అక్క కుంటుకుంటూ వచ్చి, పట్టుచీర కొంగుతో శుభ్రంగా తుడిచేసింది. మీట నొక్కి వెలుగుతోందో లేదో కూడా చూసింది.

"అదేంటే! పూజ చేసిన బొట్టు తుడుస్తావా? తప్పు కదూ!" అంది అమ్మ.

"తప్పేనమ్మా" అంది అక్క, నెమ్మదిగానే. "ఈ తప్పు అప్పుడే చెయ్యాల్సింది."

అమ్మ గిన్నె పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళకైనా ఒక్క మాట అంటుందేమోనని అక్క గుమ్మం వైపే చూస్తూ నిలబడింది... అమ్మ మళ్ళీ బయటికి రాలేదు.

ఇప్పుడు సైకిళ్ళకి ఎన్ని రకాల లైట్లు వచ్చాయో... గంధం గిన్నె మాత్రం అదే. మీ ఇళ్ళల్లో బొట్లు ఎక్కడెక్కడ పెట్టేవారో చెప్పండి, చదువుతాను. కానీ ముందు లేచి వెళ్ళి మీ పిల్లల సైకిలు వెనక చూసి రండి. బొట్టుంటే తుడిచెయ్యండి. ఎవరైనా అపచారమంటే... ఆ పాపం నాదని చెప్పండి.