ఎవారిస్టో జైలు కథలో దియోమీరా వాటా

ఎవారిస్టో మా ఊళ్లో గోడలకు సున్నం వేసే మేస్త్రీ. నల్లచొక్కాల ఫాసిస్టుల రాజ్యంలో కరపత్రాలు పంచాడని పట్టుకుపోయి నాలుగేళ్లు జైల్లో పెట్టారు. వెళ్లేటప్పుడు వేలిముద్ర మనిషి. లోపల తోటి ఖైదీలు పట్టుబట్టి అక్షరాలు దిద్దించారు. యుద్ధం అయిపోయి, ఆ రాజ్యం కూలాక, జైలు జ్ఞాపకాలు రాయడానికి కూర్చున్నాడు. అప్పట్లో మా వైపు జైలుకెళ్లొచ్చిన ప్రతివాడూ రాస్తున్నాడు మరి.

రాసిందంతా ఆదివారం మధ్యాహ్నం మా వైను కొట్టుకు తెచ్చి చదివేవాడు. అందరూ పేకాట ఆపి మరీ వినేవాళ్లు. ఆ రోజు అరెస్టు ఘట్టం. గొంతు సవరించుకున్నాడు.

"తలుపు నేనే తీశాను. 'పదండి, నేను సిద్ధం' అన్నాను. నా కళ్లలో బెదురు లేదు."

సరిగ్గా అప్పుడే అతని భార్య దియోమీరా భోజనానికి పిలుద్దామని వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతులకింకా పిండి ఉంది.

"తలుపు తీసింది నేను కదయ్యా! నువ్వు కోళ్లగూట్లో ఉన్నావుగా?"

"ఏ కోళ్లగూడు?" అన్నాడు కాగితం మీంచి తలెత్తకుండా.

"మనకెన్ని గూళ్లున్నాయేంటి? ఈక ముక్కులో దూరి తుమ్మావు. వెళ్లిపోతున్న పోలీసులు కాస్తా వెనక్కి తిరిగారు. నెత్తిన రెట్టతో బయటికొచ్చి 'నా చలికోటు తేవే' అన్నావు. నువ్వన్నది అదీ!"

ఆ నవ్వులకు బల్లల మీది గ్లాసులు గలగలలాడాయి. చెప్పులు కుట్టే ఆల్బీనో కళ్లు తుడుచుకుంటూ, "మేస్త్రీ, ఆ తుమ్ము కూడా రాయవయ్యా, పుణ్యముంటుంది!" అన్నాడు.

ఎవారిస్టో కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. తర్వాత ఆదివారాలు రాలేదు. వీధిలో ఎవడో ఒకడు కోడిలా కూస్తే చాలు, వాడి మీదికి సున్నం బకెట్టు ఎత్తేవాడు. ఉండబట్టలేక నేనే వాళ్లింటికి వెళ్లాను.

"మామా, రాయడం మానేశావట?"

"నవ్వులపాలు చేసింది కదే ఇనెస్! జైల్లో ఉన్నది నేను. రాసేదీ నేను."

పొయ్యి దగ్గర్నుంచి దియోమీరా ఇటు తిరిగింది. "జైల్లో ఉన్నది నువ్వే, కాదన్నానా? ఇక్కడ నేనెలా బతికానో ఒక్కసారైనా అడిగావా?"

ఆయన నిజంగానే అడగలేదు. కలం తీశాడు.

"అయితే చెప్పు."

"ఇప్పుడా? పొయ్యి మీద కూరుంది."

"కూర ఇనెస్ చూస్తుంది. కూర్చో."

నేను గరిటె పట్టుకున్నాను. మోకాలిలోతు నీళ్లలో వరి కలుపు తీసిన రోజులు చెప్పింది. అంగట్లో అప్పు లేదు పొమ్మన్నవాళ్ల గురించి చెప్పింది. తర్వాత కుందేలు సంగతి వచ్చింది. కుందేలు వేపుడు మూటగట్టి, రెండు రైళ్లు మారి జైలుకు వెళ్లింది. తిండి లోపలికి పంపబోమన్నారు కాపలావాళ్లు. వాళ్ల కళ్లు మాత్రం మూట మీదే ఉన్నాయి. దియోమీరా గేటు ముందే చతికిలబడి, వాళ్లు చూస్తుండగా, ఎముకలతో సహా నమిలి తినేసింది.

"వాళ్లకు దక్కనిస్తానా? పొట్ట పగిలేంత పనైంది!"

ఎవారిస్టో కలం ఆగిపోయింది. "ఆ రోజు ఉత్తచేతులతో వచ్చావని నీతో మాట్లాడలేదు నేను."

"తెలుసులే. నాకూ మాటొస్తే కదా, అంత తిన్నాక!"

ఆయన పగలబడి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాడు. ఆవిడ వంటగుడ్డతో ఆయన మొహం తుడిచి, "రాయి, రాయి" అంది.

చలికాలం పోయేసరికి పుస్తకంలో సగం ఆవిడదే అయింది. తుమ్ము కూడా చేరింది. అచ్చువేసేవాడు, "ఇవి ఖైదీల జ్ఞాపకాలు మేస్త్రీ, అట్టమీద ఆవిడ పేరెందుకు?" అని నసిగాడు.

"నాతో కాపురం చేసింది. ఖైదీ కిందే లెక్కేసుకో" అన్నాడు ఎవారిస్టో.

పుస్తకం వచ్చాక బొలోన్యా పట్నంలోని ఆడవాళ్ల సంఘం తమ సభలో మాట్లాడమని పిలిచింది దియోమీరానే. సభ అయిన సాయంత్రం ఇద్దరూ బస్సు దిగి వస్తుంటే వీధంతా చూసింది: ఆవిడ ముందు, చేతినిండా పూలతో ఆయన వెనక.

"ఎవరికి మేస్త్రీ ఆ పూలు?" అని అరిచాడు ఆల్బీనో.

"రచయిత్రిగారికి," అన్నాడు ఆయన, నడక ఆపకుండా.