పసుపెక్కిన ఉప్పు

నాది పుట్టుకతోనే అనుమానం బుద్ధి. పాలలో వేలు ముంచి చూడనిదే గిన్నె లోపలికి తీసుకోను. ఎవరైనా ఊరికే నవ్వితే ఎందుకు నవ్వారా అని రెండు రోజులు ఆలోచిస్తాను. మదనపల్లెలో ఒక కాలేజీలో ఫిజిక్సు చెబుతూ, నలభై దాటాక పరిశోధనకు దిగితే, ఈ బుద్ధే పనికొస్తుందని కుప్పంలో మా గైడు సంతోషించారు. ఆయన నాకిచ్చిన పని కూడా ఒక అనుమానమే.

గురుగ్రహం చుట్టూ తిరిగే చందమామల్లో యూరోపా ఒకటి. దాని ఒళ్లంతా మంచు. అక్కడ వాన లేదు, గాలి లేదు. అయినా ఆ మంచు నేల అరుగుతుంది, రంగు మారుతుంది. గురుగ్రహపు అయస్కాంత క్షేత్రంలో చిక్కుకున్న ఎలక్ట్రాన్లు, అయాన్లు ఆ గ్రహంతో పాటే గిర్రున తిరుగుతాయి. యూరోపా నడక నెమ్మది. అందుకని అవి వెనక నుంచి తరుముకొచ్చి దాని వీపు మీద పడతాయి. నీటి అణువులను విరగ్గొడతాయి, కొన్నింటిని పైకి ఎగరగొడతాయి, మిగిలిన దాని గుణమే మార్చేస్తాయి. ఆ చందమామ ఒంటి మీద అక్కడక్కడ పసుపు, గోధుమ రంగు మచ్చలున్నాయి. ఆ రంగు మంచు కింది సముద్రం నుంచి పైకొచ్చిన ఉప్పుదా, పొరుగు చందమామ మీది అగ్నిపర్వతాలు కక్కిన గంధకానిదా? ఇంటిదా, పొరుగుదా? ఒక్కో మచ్చ దగ్గర ఇదే తగాదా.

తెల్లటి ఉప్పుకు ఎలక్ట్రాన్ల దెబ్బ తగిలితే పసుపెక్కుతుంది. స్ఫటికంలో క్లోరిన్ ఉండాల్సిన చోటు ఖాళీ అయితే, ఆ ఖాళీలో ఒక ఎలక్ట్రాన్ దూరి కూర్చుంటుంది. రంగు దాని వల్లే. వెలుతురు సోకితే అది లేచి వెళ్లిపోతుంది, ఉప్పు మళ్లీ తెల్లబడుతుంది. నేను బెంగుళూరులో ఎలక్ట్రాన్లు కురిపించే ఒక యంత్రం కింద పెట్టించి తెచ్చిన మూడు సీసాల ఉప్పు చక్కటి పసుపు రంగులో వచ్చింది. ఫోటో తీసి గైడుకు పంపాను.

"ఎండ పొడ కూడా సోకనీకమ్మా. పదిరోజులకు నీ పని చూసే కమిటీ ఉండాది, వాళ్ల ముందరే విప్పుదువు" అన్నారాయన ఫోన్లో.

కాలేజీ ల్యాబు మీద నాకు నమ్మకం లేదు. దాని తాళాలు ముగ్గురి దగ్గరుంటాయి. అందుకని పుంగనూరులో మా ఇంటికే తెచ్చుకున్నాను. చిరిగిన నల్ల గొడుగు గుడ్డలో ఒక్కో సీసా చుట్టి, చేతికందిన నల్లదారంతో కట్టి, ఎర్ర రంగుతో అంకె వేసి, బీరువాలో చీరల అడుగున దాచాను. మా ఆయన ఉద్యోగం హోసూరులో. ఇంట్లో ఉండేది నేనూ మా అత్తా.

కమిటీ రోజు పొద్దున మూటలు సంచిలో పెట్టుకుంటుంటే ఒకసారి విప్పి చూద్దామని చేతులు లాగాయి. వెలుతురు తగులుతుందని ఆపుకున్నాను. కుప్పం దాకా సంచి ఒళ్లోంచి దించలేదు.

కమిటీలో గైడు కాక ఇద్దరు పెద్దలు. కిటికీలకు తెరలు లాగారు. నేను మూటలు విప్పాను. మూడు సీసాల్లోనూ తెల్లటి ఉప్పు. పసుపు ఉన్నది గుడ్డ లోపల, సీసాల పైన, మరకలు మరకలుగా. పెద్దల్లో ఒకాయన వేలితో రుద్ది వాసన చూశారు.

"ఇది వంటింటి పసుపే కదా మేడం? ఫోటో కోసం పూసినారా?"

గైడు నా వైపు చూడకుండా కాగితాలు సర్దుకున్నారు. "ఇంగోసారి చేపిద్దాంలేమ్మా. ఈసారి యంత్రం దగ్గర నేనే నిలబడతా. అంతవరకూ ఈ ఫలితం యాడా రాయొద్దు" అన్నారు. నేనే నిలబడతా అన్న ఆ మాట నన్ను కాల్చేసింది. నలభై ఏళ్లు నేను లోకాన్ని అనుమానించాను. లోకం నన్ను అనుమానిస్తే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

తిరుగు బస్సు వి.కోట దాటేలోపే నాకు దొంగ దొరికింది. నేను వేసింది జారుముడి, కమిటీ ముందు నేను విప్పినవేమో బిగించి వేసిన పీటముళ్లు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టేశాననుకున్నాను. ఈ వయసులో కోడలు పుస్తకాలు పట్టడం మా అత్తకు నచ్చదని నా గట్టి నమ్మకం. ఆమె ఆ మాట ఎప్పుడూ అనలేదు. అనకపోవడమే నాకు పెద్ద రుజువు. పలమనేరులో బస్సు మారేసరికి అడగాల్సిన మాటలన్నీ వరసగా పేర్చుకున్నాను.

అత్త వసారాలో చాట ముందర పెట్టుకుని అనపకాయలు ఒలుస్తోంది. చెప్పులు కూడా విడవకుండా అడిగాను.

"బీరువాలో మూటలు విప్పినావా అత్తా?"

ఆమె చేతులు ఆగిపోయాయి. వీధి వైపు చూసి గొంతు తగ్గించింది.

"సూసేస్తివా? నీ సీరల కింద ఎవురో సేతబడి సేసి పెట్టుండారమ్మా. నల్లగుడ్డ, నల్లదారం, ఎర్రగా ఏందో రాసుండారు. లోపల ఉప్పు పచ్చగా అయిపోయుండాది. నీ సదువు సూసి ఓర్వలేనోళ్లు ఎవురో. పారేస్తే ఇంగోటి తెచ్చి పెడతారు. అందుకే సీసాలకు పసుపునీళ్లు పూసి మూడునాళ్లు మిద్దెమీద ఎండకు పెడితి. ఉప్పు తెల్లగా అయిపాయ. ఇసం దిగిపోయిందని మళ్లా అట్లే కట్టి పెట్టేస్తి. పెట్టినోళ్లకు తెలీకూడదు గదా."

ప్రయోగశాలలో కూడా అంత శుభ్రంగా రంగు పోగొట్టలేరు. ఆ మూటలు కట్టింది నేనేనని చెప్తే, "నువ్వా? యాల?" అని నన్నే అనుమానంగా చూసింది. గురుగ్రహం దగ్గర మొదలుపెట్టి కుప్పంలో నా పరువు పోయినదాకా అంతా చెప్పాను. పాపం అన్నట్టు తల ఊపింది కానీ నా కోపం తీరలేదు.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా అత్తా! అయినా చేతబడి ముడి విప్పినవాళ్లకే తగులుతుందంటారు, నువ్వెట్లా విప్పితివి?"

"అందుకే గదమ్మా సెప్పలేదు. సెప్తే నువ్వు విప్పుతావు. నాదేముండాది, అయిపోయినదాన్ని. తగిలితే నాకే తగలనీ అనుకుంటి. నా మీంచి నీకు అంటుకుంటాదేమోనని ఈ వారం దినాలూ వసారాలో పండుకుంటి, నీ గలాసు ముట్టలే. నువ్వు సూడలేదా?"

నేను చూడలేదు. ఒకే ఇంట్లో వారం రోజులు ఆమె చావుకు సిద్ధపడి నాకు దూరం దూరంగా తిరిగితే, ఇన్ని అనుమానాలున్న నా కళ్లకు అది కనబడనే లేదు.