పందెం ఎద్దుల వీలునామా

1979 వేసవిలో నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు సబ్ రిజిస్ట్రారుగా బదిలీ అయ్యాను. చేరిన నెలలోనే యేసుదాసు అనే రిటైరైన టీచరు వీలునామా రిజిస్టరు చేయించుకోవడానికి వచ్చారు. ఆస్తి మొత్తం చిన్నకూతురికే రాశారు. క్రైస్తవులకు వర్తించే వారసత్వ చట్టంలో దానికి అడ్డేమీ లేదు. పావుగంటలో పని ముగిసింది.

సాక్షి సంతకం పెట్టిన ఓబులయ్య మాత్రం లేవలేదు. ఆయన టీచరుగారి ఊరి రైతు, స్నేహితుడు.

"నాదీ ఇట్లే రాయి సారూ. మా పెద్దోనికి ఒగ సెంటు భూమి గూడా పోగూడదు."

పెద్దకొడుకు సుబ్బరాయుడు చేసిన నేరం, తండ్రి ఊర్లో లేనప్పుడు బండలాగుడు పందేల ఎద్దులను కోయిలకుంట్ల వాళ్లకు అమ్మేసి మోటారుసైకిలు కొనడం.

భూమి ఎవరు సంపాదించిందని అడిగాను. తాతదన్నాడు. అయితే కొడుకులిద్దరికీ అందులో పుట్టుకతోనే హక్కుందని, ఆయన రాయగలిగింది తన వాటా మటుకేనని చెప్పాను. మన పాత ధర్మశాస్త్రంలో వీలునామా ఊసే లేదని, ఉమ్మడి ఆస్తిలో సొంత వాటానైనా రాసుకునే వీలు 1956 చట్టంతోనే వచ్చిందని కూడా వివరించాను. ఆ చరిత్ర ఆయనకు ఏమాత్రం నచ్చలేదు.

"పుట్టినందుకే హక్కా? వాడు పుట్టేటప్పుడు నన్నెవురన్నా అడిగినారా? అయివారు రాస్తే చెల్తాది, నేను రాస్తే చెల్లదా? అట్లయితే ఆదివారం నుంచి నేనూ అయివారి చర్చికే పోతా!"

"రాప్పా, వద్దనేదెవురు? ఆడికొచ్చినా నీ కొడుకు వాటా నీకు రాదు," అన్నారు యేసుదాసు.

చివరికి తన వాటా చిన్నకొడుక్కి రాయించి, సంతకం చేసి, వేలిముద్ర కూడా వేసి వెళ్లాడు.

వీలునామాలను మేము మూడో పుస్తకంలో నకలు చేస్తాం. రాసినవాడు బతికుండగా అది ఇంకెవరికీ చూపకూడదు. మర్నాడే సుబ్బరాయుడు వచ్చాడు.

"నాయన ఏం రాసినాడు సార్? నా పేరుందా లేదా, అది చెప్పు చాలు."

చెప్పనన్నాను. అతని వాటాను ఎవరూ కదిలించలేరు. కానీ నేను నోరు విప్పకపోయేసరికి భూమంతా పోయిందనుకున్నాడు. మోటారుసైకిలు అమ్మి, ఎద్దులను తిరిగి తోలుకొచ్చాడు. ఓబులయ్య సంతోషంగా వచ్చి వీలునామా రద్దు చేశాడు. దాంతో చిన్నకొడుకు అలిగి పొలానికి పోవడం మానేశాడు. ఓబులయ్య మళ్లీ వచ్చి మళ్లీ రాశాడు. రానురాను ఆయన మెట్లెక్కుతుండగానే మా గుమాస్తా మూడో పుస్తకం బయటికి తీసేవాడు.

నేనక్కడున్న మూడో ఏడు ఓబులయ్య పోయాడు. భార్య నరసమ్మ, కొడుకులిద్దరూ మరణ ధ్రువపత్రం తెచ్చి నకలు అడిగారు. ఆఖరి వీలునామా నేను సెలవులో ఉన్నప్పుడు రిజిస్టరైంది. కొడుకులతోపాటు నేనూ ఆత్రంగానే పుట తిప్పి చదివాను. తన వాటా మొత్తం నరసమ్మకు సర్వహక్కులతో రాశాడు.

వాకిలి దగ్గరే నిలబడి ఉన్న నరసమ్మ అంతా విని అడిగింది.

"అయితే దాన్ని నేను ఎవురికి రాసినా చెల్తాదా సారూ?"

చెల్లుతుందన్నాను.

"అంతా?"

"అంతా."

సుబ్బరాయుడు లేచి తల్లికి కుర్చీ వేశాడు. చిన్నవాడు మంచినీళ్లకు పరుగెత్తాడు.

అంతవరకు వీలునామాకు వచ్చినవాళ్లను ఆస్తి ఎవరిది, కొడుకులెందరు అని అడిగేవాణ్ణి. ఆ తర్వాత, ఇంట్లో ఆడమనిషి ఉందా అని ముందు అడగడం అలవాటు చేసుకున్నాను.