మామగారి ఎదుట తాగిన మందు

పెళ్ళయిన ఆరు నెలలకే, పట్టపగలు, మామగారి కళ్ళెదుట మందు తాగి చావబోయాను. మీరు నవ్వండి, ఫరవాలేదు. ఆ రోజు నాకు మాత్రం నవ్వు రాలేదు.

మా మామకు రాయకోటలో ద్రాక్షతోట ఉంది. గురుబరపల్లి దగ్గర ఒక కుటుంబం సొంతంగా వైను చేస్తోందని, కాయలు వాళ్ళకు అమ్మవచ్చేమో చూద్దామని ఆయన ఆలోచన. ఆయన చుక్క ముట్టడు. మరి రుచి చెప్పేదెవరు? ఆఫీసు పార్టీలో ఒకేఒక్కసారి అర గ్లాసు తాగిన నేను, "వైను సంగతి నాకు వదిలెయ్యండి మామా" అన్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నాది ఊరుకోని నోరు.

ఇద్దరం వెళ్ళాం. రుచి చూపించే గదంటే మరేం కాదు, వాళ్ళ ఇంటి వసారాకే అద్దాలు బిగించారు. ఇంటావిడ "కూర్చోండప్పా, గ్లాసులు తెస్తాను" అని లోపలికి వెళ్ళింది. బల్లమీద చీటీ లేని సీసా, పక్కన స్టీలు లోటా. మామ నన్నే చూస్తున్నాడు. నిపుణుడన్నవాడు ఊరికే కూర్చుంటాడా? లోటా నిండా వంపి, గిరగిరా తిప్పి, వాసన చూసి, గటగటా తాగేశాను. గొంతులో కొలిమి రాజుకుంది.

"ఎట్లుంది అల్లుడా?"

"పాత సరుకు మామా. అల్లం ఘాటుంది. శానా కాలం ఊరబెట్టినారు."

అంతలో ఇంటావిడ అత్తగారు వచ్చింది. "ఈడ పెట్టిన సీసాలోది యాడ పోయింది?"

"నేనే తాగినానమ్మా."

ముసలమ్మ గుండె బాదుకుంది. "అయ్యయ్యో! అది మందప్పా!"

"మందు తాగేదానికే కదమ్మా వచ్చినాము."

"ఆ మందు కాదప్పా!" అంటూ కొడుకును కేకేస్తూ తోటవైపు పరుగెత్తింది.

తోటవైపు! ద్రాక్షకు కొట్టే పురుగుమందు కాక ఇంకేముంటుంది? నా ఒళ్ళంతా చెమటలు. నాలుక మొద్దుబారినట్టయింది. ముక్కుకు గుడ్డ కట్టుకోనిదే మందు కొట్టని మామ, ముఖం పాలిపోయి నిలబడ్డాడు. అది చూశాక నాకు మిగిలిన కాస్త ధైర్యమూ పోయింది. రేపు ఊరంతా 'మందు తాగి పోయినాడంట' అంటుంది. ఏ మందో ఎవరడుగుతారు?

"మామా, మీ బిడ్డ సుజాత జాగ్రత్త..."

"నోరు ముయ్యప్పా! కిష్ణగిరి ఆస్పత్రికి పోదాం, లే!" ఆయన వంగి నా కాళ్ళకు చెప్పులు తొడిగాడు. అల్లుడి కాళ్ళు పట్టుకున్న మామను చూసి నాకు ఏడుపొచ్చేసింది.

కారు కదలబోతుంటే ముసలమ్మ కొడుకు పరుగున వచ్చి అడ్డం నిలబడ్డాడు. "పోవద్దండి సార్! ప్రాణానికేమీ కాదు. మా ఎద్దుకి కడుపుబ్బరమని అమ్మ అల్లం, వాము, ఆముదం వేసి కాచింది."

వెనకాలే ఆయాసపడుతూ ముసలమ్మ వచ్చింది. "ఎంత తాగినావప్పా?"

"లోటా నిండా."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఎద్దుకే అర లోటా కదప్పా!"

చావు భయం పోయి, ఇంకో భయం పట్టుకుంది. మత్తిగిరిలో మా ఇల్లు చేరేలోపు హోసూరు దారిలో మామ కారు ఎన్నిచోట్ల ఆపాడో చెప్పను. ఆపినప్పుడల్లా అటు తిరిగి నిలబడ్డాడు. భుజాలు మాత్రం నవ్వుతో కదులుతూనే ఉన్నాయి.

ఇంట్లో సుజాత అడిగింది: "ఎట్లుండింది నాయనా, వైను?"

"వైను చూడనే లేదమ్మా. మీ ఆయనకి మందే సరిపోయింది."

పాఠకులారా, మీ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట ఎంత గొప్పింట్లో ఏ సీసా కనిపించినా, అది ఏ మందో, ఎవరికోసం కాచారో, ఆ ఎవరికి కాళ్ళెన్నో కనుక్కోనిదే గొంతులో పోసుకోను.