ముక్కలు ఏరలేని గిన్నె

మా ఇంట్లో ఆదివారం కూర వండేది నేను, వడ్డించేది మా అత్త. మా వైపు కూరంటే మాంసమే. పెళ్లయి సిరిసిల్లకు వచ్చిన మొదటి ఆదివారం నుంచి ఇరవై రెండేళ్లు ఇదే పద్ధతి. ఉల్లిగడ్డలు కోసేది, మసాలా నూరేది, పొయ్యి దగ్గర చెమటలు కక్కేది నేను. మూత తీసే వేళకు ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గంటె అందుకునేది.

ఆ గంటెకు కళ్లుండేవి. మా ఆయనకు, మా మరిదికి ముక్కలు. మూలుగ బొక్క, మజ్జ నిండిన ఆ ఎముక, ఎప్పుడూ మా ఆయనకే. వాళ్లు తిని లేచాక ఆడవాళ్లం కూర్చునేవాళ్లం. అత్తకు, నాకు, నా బిడ్డకు షోర్వ అనే పలచటి పులుసు, అందులో దారి తప్పిన ఆలుగడ్డ ముక్కలు ఒకటో రెండో. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు. ఆ సామెత పుట్టించింది మగవాడే అయ్యుంటాడు. మాకు వడ్డించేది మా ఇంటి మనిషే, మేం కూర్చునేదీ కడబంతే, అయినా గిన్నె కడిగిన నీళ్లే మాకు మిగిలేవి.

ఎందుకిలా అని అడగలేదా అంటే, కొత్తలో ఒకసారి అడిగాను.

"మగోళ్లు పన్నెండు గంటలు సాంచాల కాడ నిలవడుతరు. ఆళ్లు కూర తినకపోతే సాంచాలు ఎవడు నడుపుతడు, మీ అయ్యనా?" అంది అత్త.

మా దగ్గర మరమగ్గాలను సాంచాలంటారు. ఆ సాంచాలకు కావలసిన నూలు కండెలు చుట్టేది నేనే, పొద్దంతా. కానీ అది కూర్చుని చేసే పని కాబట్టి నాకు ఆకలి ఉండదని వాళ్ల లెక్క. సిగ్గు విడిచి చెప్పాలంటే కొన్నేళ్లకు నేనూ దాన్ని నమ్మాను. నాకు కూర పెద్దగా ఇష్టముండదని చుట్టాలతో నా నోటితో నేనే చెప్పేదాన్ని. అందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

నా బిడ్డకు పోలీసు కావాలని కోరిక. డిగ్రీ చదువుతూనే రోజూ పొద్దున కాలేజీ గ్రౌండులో పరుగెత్తేది. కానిస్టేబుల్ ఉద్యోగానికి ఆడపిల్లలు ఎనిమిది వందల మీటర్లు పరుగెత్తాలి. అంటే గ్రౌండు చుట్టూ రెండు చుట్లు. అది దాటకపోతే ఎంత చదివినా ఇంటికే. ఒకరోజు రెండో చుట్టులో కళ్లు తిరిగి పడిపోయింది. తోటి పిల్లలు ఆటోలో ఆస్పత్రికి తెచ్చి నాకు ఫోన్ చేశారు.

డాక్టరమ్మ రక్తం పరీక్ష కాగితం చూసింది. బిడ్డ కనురెప్ప కిందికి లాగి చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇంట్ల కూర వండుతరా?"

"వండుతమమ్మా, ప్రతి ఐతారం."

"మరి ఈ పిల్లకు పెడుతరా?"

ఆమె కాగితం మీద ఏదో గీకి నా చేతిలో పెట్టింది. "గోలీలు రాస్తున్న. ఒక్క గోలీలతోని అయ్యే పని కాదిది. రక్తం శాన తక్కువున్నది. గుడ్లు, కూర మంచిగ పెట్టుర్రి. గిట్లనే ఉంటె పరుగు సంగతి మర్సిపోవాలె."

ఆటోలో ఇంటికి వస్తూ బిడ్డ నా భుజం మీద తల పెట్టుకుని పడుకుంది. పందొమ్మిదేళ్ల పిల్ల తల అంత తేలిగ్గా ఉండటం చూసి నాకు భయమేసింది. ఆ భయం ఇంటికి చేరేసరికి కోపంగా మారింది.

ఆ ఆదివారం అత్త గంటె అందుకోకముందే నాలుగు ముక్కలు తీసి బిడ్డ పళ్లెంలో, అన్నం కింద దాచాను. అత్త ముక్కలన్నిటినీ కంటితోనే లెక్కపెట్టి ఉంటుంది. నేరుగా వచ్చి, పిల్ల పళ్లెంలో చెయ్యి పెట్టి అన్నం పక్కకు జరిపి, ఆ నాలుగు ముక్కలూ తీసుకెళ్లి మా మరిది పళ్లెంలో వేసింది. మా ఆయన తల ఎత్తలేదు. నేను నోరు తెరిచేలోపే నా బిడ్డ అంది.

"ఉండనియ్యి అమ్మా. నాకు కూర ఇష్టముండది."

నా అబద్ధమే అది, అక్షరం పొల్లుపోకుండా. నాకు ఒంటబట్టడానికి పెళ్లి కావలసి వచ్చింది. నా బిడ్డకు పుట్టింట్లోనే ఒంటబట్టేసింది.

మర్నాడే కోరుట్ల బస్సెక్కాను. కోరుట్ల మా పుట్టినూరు. మా అన్న గల్ఫులో ఒక క్యాంపు వంటశాలలో చాలా ఏళ్లు చేసి తిరిగొచ్చి, ఇప్పుడు అక్కడే ఫాస్ట్ ఫుడ్ బండి నడుపుతున్నాడు. కష్టం చెప్పుకుంటే వెంటనే ఓదార్చే రకం కాదు. నేను ఏడుస్తూ చెప్పిందంతా ఉల్లిగడ్డలు తరుగుతూనే విన్నాడు.

"మీ అత్తతోని లొల్లి పెట్టుకుంటె గెలువవు చెల్లె. గంటె ఆమె చేతుల ఉన్నన్ని రోజులు ఆమెదే రాజ్యం. నువ్వు వంటనే మార్చు," అన్నాడు.

అప్పుడు చెప్పాడు ఆ వంట సంగతి. క్యాంపులో పెద్ద వంటవాడు అమెరికావాడట. అక్కడ ఒక పెద్ద నది సముద్రంలో కలిసే మూల అతని ఊరు. తాము క్రియోల్ జనమని చెప్పుకునేవాడట. బానిసలుగా పట్టుకొచ్చిన ఆఫ్రికావాళ్లు, ఏలవచ్చిన ఫ్రాన్సువాళ్లు, స్పెయిన్‌వాళ్లు, అందరి వంటలూ కలిసి ఒకే గిన్నెలో పడ్డాయి ఆ మూలన. బియ్యం, సాసేజీలు, టమాటలు కలిపి వండేదాన్ని జంబలాయ అంటారట. సాసేజీ అంటే ఖీమాలో మసాలా కలిపి, సన్నటి తొడుగులో వేలంత లావున నింపి, పొగ పట్టించినది. మా అన్న దగ్గర కోడి మాంసం సాసేజీలు ఉన్నాయి. నన్నే వండమన్నాడు, పక్కన నిలబడి చెప్తానన్నాడు.

సాసేజీలను బొత్తాల్లా కోసి నూనెలో వేయించాను. అంచులు ఎర్రబడగానే, అలవాటు చొప్పున, వాటిని తీసి వేరే గిన్నెలో పెట్టేశాను. మనకు బగారన్నం వేరు, కూర వేరు కదా. బియ్యం పోయబోతుంటే మా అన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏం జేస్తున్నవ్?"

"బువ్వ అయినంక పైనుంచి ఏస్త."

"నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది. కూర పక్కకు పెట్టినవంటె మళ్ల మీ అత్త చేతికి గంటె ఇచ్చినట్టే. అండ్లనే వెయ్యి. బియ్యంతోపాటే ఉడకాలె. ఏది కూరనో ఏది బువ్వనో ఏరరాకుంట కావాలె."

ఇరవై రెండేళ్లలో ఆ మాట నాకు తట్టలేదు. గొడవంతా అత్త చేతిలో ఉందనుకున్నాను. సగం గొడవ నేను పెట్టే రెండు గిన్నెల్లోనే ఉంది.

అన్న నాతో జగిత్యాల దాకా వచ్చి, అక్కడ ఐస్‌లో పెట్టిన మాంసం అమ్మే దుకాణంలో సాసేజీ ప్యాకెట్లు కొని, పాత పేపర్లు నాలుగు పొరలు చుట్టి సంచిలో పెట్టి సిరిసిల్ల బస్సెక్కించాడు. సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చీర తడిసి తొడలు గడ్డకట్టాయి. కాళ్ల దగ్గర పెట్టొచ్చు కదా అని పక్కావిడ అంది. పెట్టలేదు.

ఆదివారం సాయంత్రం మటన్ తేవద్దని మా ఆయనకు చెప్పి పొయ్యి ముట్టించాను. అత్త పీట వేసుకుని వంటగది గడపలో కూర్చుంది. తల్లిగారింటికి పోయొచ్చిన కోడలు ఏదో నేర్చుకొచ్చిందని ఆమెకు అప్పటికే అర్థమైంది.

సాసేజీ ముక్కలు ఎర్రగా వేగాయి. వాటి మీదే ఉల్లిగడ్డ, క్యాప్సికం, వెల్లుల్లి వేశాను. అక్కడివాళ్లు ఇంకేదో ఆకు కాడలు వేస్తారట. అది సిరిసిల్లలో దొరకదు, కొత్తిమీర కాడలు సన్నగా తరిగి వెయ్యమన్నాడు అన్న. టమాటలు మెత్తబడ్డాక కారం, మిరియాల పొడి, రెండు వాము ఆకులు. ఆ తర్వాత కడిగి వడగట్టిన రేషన్ సన్నబియ్యం వేసి, గింజ గింజకూ నూనె అంటేదాకా కలిపి, కోడి బొక్కలు ఉడికించిన నీళ్లు పోశాను. ఇల్లంతా పొగవాసన, కారం వాసన. మా మరిది సాంచాల షెడ్డు నుంచి వచ్చి రెండుసార్లు తొంగిచూసి వెళ్లాడు.

"గిదేం వంటనే? కూర లేదు, షోర్వ లేదు," అంది అత్త.

"అన్ని గిండ్లనే ఉన్నయి అత్తమ్మా."

"గా గొట్టాలు ఏంది?"

"కోడి కూరనే."

మంట తగ్గించి మూత పెట్టాను. ఇక కదపకూడదు. అత్త ఐదు నిమిషాలు ఓపిక పట్టి, లేచి వచ్చి మూత మీద చెయ్యి వెయ్యబోయింది. నేను కొంగు మడిచి మూతను అదిమి పట్టుకున్నాను.

"తియ్యొద్దు అత్తమ్మా. ఆవిరి పోతె బువ్వ ఉడకది."

"నా ఇంట్ల నా గిన్నె మూత నేను తియ్యొద్దానె?"

"తియ్యొద్దు."

ఇరవై రెండేళ్లలో ఆమెకు నేను చెప్పిన మొదటి వద్దు అది. అన్నం కోసం చెప్పినట్టే చెప్పాను కానీ అన్నం కోసం కాదని ఇద్దరికీ తెలుసు. కొంగులోంచి వేడి దిగి అరచెయ్యి చురుక్కుమంటున్నా చెయ్యి తియ్యలేదు. అత్త నన్ను కిందినుంచి మీదికి చూసి, మళ్లీ పీట మీద కూర్చుంది.

అన్నం దించాక ఐదు పళ్లేలు ఒకేసారి వేశాను.

"ఆడోళ్లు మగోళ్లతోని తింటరా?"

"గిది సల్లారితె బాగుండదట. అందరు ఒక్కపారే తినాలెనట. అన్న చెప్పిండు."

మా అన్న అలాంటిదేమీ చెప్పలేదు. అత్తింట్లో ఒక పద్ధతి మార్చడానికి ఒక అబద్ధమైతే చాలు, చవకే అనుకున్నాను.

అత్త అలవాటుగా గంటె అందుకుంది. కొడుకుల కోసం గిన్నెలో ముక్కల వేట మొదలుపెట్టింది. గంటె ఎక్కడ ముంచినా నాలుగు ముక్కలు, నాలుగింటి చుట్టూ ఎర్రటి అన్నం. అన్నం దులిపేయాలని చూస్తే ముక్కలు జారి మళ్లీ అన్నంలోనే పడ్డాయి. మూడుసార్లు ముంచి, ఆగి, గిన్నెలోకి అయోమయంగా చూసింది. "ముక్కలు ఏవే?" అంది.

"అందరియి అండ్లనే ఉన్నయి."

ఆమె గంటె ఇవ్వలేదు. నేనే తీసుకున్నాను. మొదటి గంటె నా బిడ్డ పళ్లెంలో వేశాను, రెండోదీ అక్కడే వేశాను.

"గిదేంది, పిల్లకు ముందుగాలనా?" అన్నాడు మా ఆయన.

"డాక్టరమ్మ చెప్పింది. నీకు రక్తం తక్కువున్నదని కాయితం తే, నీకే ముందుగాల పెడ్త."

మా మరిది నవ్వు ఆపుకోలేక పొలమారి దగ్గాడు. మా ఆయన పళ్లెం ముందుకు జరిపాడు.

అందరం తింటున్నాం. అత్త తినడం లేదు. తన పళ్లెంలోని ముక్కలు ఒక్కొక్కటే ఏరి, అన్నం దులిపి, అంచున కుప్ప పెడుతోంది. గిన్నెలో చేతకాని పని పళ్లెంలో చేస్తోంది. కుప్ప గుప్పెడయ్యాక తీసి మా ఆయన పళ్లెం వైపు చెయ్యి చాపింది.

"అవి నీయి అత్తమ్మా, నువ్వే తిను," అన్నాను.

"నాకు కూర ఇష్టముండదే."

నా బిడ్డ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి తల ఎత్తింది. "నాగ్గూడ ఇష్టముండకపోతుండె బాపమ్మా," అంది. "మీ ఇద్దరి తాన్నే నేర్సుకున్న."

నాయనమ్మను బాపమ్మ అంటారు మా దగ్గర. అత్త చాపిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఏడేళ్ల వయసు నుంచి కండెలు చుట్టిన చెయ్యి అది. ఆ చేతికి కూర్చుని చేసే పనికి ఆకలి ఉండదని ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో. ఆ నిమిషం దాకా నేను ఆమె మీద కోపంతోనే ఉన్నాను. ఆ చెప్పినవాళ్ల మీదికి మళ్లింది నా కోపం.

చెయ్యి మెల్లగా వెనక్కి వచ్చింది. ఒక ముక్క నోట్లో వేసుకుని, ఉన్న పళ్లతో చాలాసేపు నమిలింది.

"ఉప్పు తక్కువైంది," అని రెండోది తీసుకుంది.

కుప్పంతా అయిపోయింది. నా బిడ్డ మారు వడ్డించుకుంది. నేనూ వడ్డించుకున్నాను. నాకు కూర ఇష్టమే. చాలా ఇష్టం.

ఆ పై ఆదివారం ఎప్పటిలాగే మటన్ వచ్చింది. కూర వేరే గిన్నెలో, అన్నం వేరే గిన్నెలో. మూత తీసే వేళకు అత్త కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. గంటె నా చేతిలో ఉంది. ఇవ్వలేదు. ఆమె ఒక్క క్షణం నిలబడి, పీట లాక్కుని పళ్లెం ముందు పెట్టుకుంది. ముందు బిడ్డకు వేశాను, తర్వాత మెత్తటి ముక్కలు చూసి అత్తకు, ఆ తర్వాత మగవాళ్లకు. మూలుగ బొక్క నా పళ్లెంలో వేసుకుని, వీధిలోకి వినబడేలా జుర్రుకుని తిన్నాను.

తెల్లారి నా బిడ్డ గ్రౌండుకు పోయింది. సాంచాలు ఎప్పటిలాగే నడిచాయి.