కృష్ణా జిల్లా నంబరు

ఆ తెలంగాణ బంద్ రోజు నాకు పోయినవి ఒక పూట జీతం, స్కూటర్ ఎడమ అద్దం. మాది నల్గొండే. పాత స్కూటర్ కొన్నాను గనుక కృష్ణా జిల్లా నంబరుంది. అది చూసే ఎల్బీ నగర్‌లో కుర్రాళ్లు, నేను నోరు తెరిచేలోపే అద్దం పగలగొట్టారు.

అక్కణ్ణించి కొంచెం ముందుకెళ్లాక, బస్సుల్లేక నిలబడ్డ ఒక పెద్దాయన అదే నంబరు చూసి చెయ్యెత్తాడు.

"మనవాళ్ల బండి కదా అని ఆపాను బాబూ. దిల్‌సుఖ్‌నగర్ ఆసుపత్రిలో మా ఆవిడుంది. వీళ్ల బండెక్కాలంటే భయం."

కోపం మింగి, ఎక్కమని తలూపి బండి నడిపాను. కొత్తపేటలో గుంత వచ్చింది.

"జర గట్టిగ పట్టుకోండ్రి సార్!"

నా భుజం మీది చెయ్యి తీసేశాడు. "ఇక్కడ ఆపండి."

"దవాఖాన ఇంకా దూరమున్నది. గీ ఎండల ఎట్ల నడుస్తరు? కూసోండ్రి."

"ఫరవాలేదండీ."

దిగి నడిచాడు. ఈరోజుకీ ఆయనకు నేను రెండు కిలోమీటర్లు బాకీ.