నాలుగో కండెన్సర్

వన్ టౌన్ సందులో హేమసుందర్ పాత యాంప్లిఫయర్లలో పాడైన కండెన్సర్లు తీసి కొత్తవి వేస్తాడు. ఏది వెయ్యాలో మీటరు కన్నా చెవినడిగే తేల్చుకుంటాడు. ముప్పై ఏళ్లుగా ఆ చెవే అతనికి అన్నం పెట్టింది. ఇవాళ పొద్దుటి నుంచీ ఒక్క యాంప్లిఫయర్‌తోనే కుస్తీ పడుతున్నాడు. భజన క్యాసెట్లో మద్దెల మోగుతోంది గానీ తాళాలు పలకడం లేదు. "అంతా డూప్లికేట్ సరుకే!" అని తిట్టుకుంటూ మూడో కండెన్సరూ పీకేశాడు. నాలుగోది వేసి, సన్నటి మోతలు పెంచే ట్రెబుల్ నాబ్ చివరిదాకా తిప్పి, స్పీకరుకు చెవి ఆనించాడు. అప్పుడే క్యారియర్ తెచ్చిన భార్య దుర్గ గుమ్మంలోనే చెవులు మూసుకుంది.

"అబ్బబ్బ, ఆ తాళాలు కాస్త తగ్గించండీ! చెవులు చిల్లులు పడుతున్నాయి."

హేమసుందర్ బల్లమీద పీకి పారేసిన మూడింటి వంకా చూశాడు.

"మోగుతున్నాయా, దుర్గా?" అన్నాడు.